పలనాటి క్రైస్తవ చరిత్రలో నడవడి సాక్ష్యము

ఒక మతము ఒక సీమలో ఎట్లు వ్యాపించినదని అడిగినచో చరిత్రకారులు సామాన్యముగ మూడు విషయములు చెప్పుదురు. ఏ సంవత్సరమున ఏ బోధకుడు వచ్చెను? ఎచ్చట ఆలయము కట్టించెను? ఎందరు చేరిరి? ఈ మూడును తెలియవలసినవే. కాని ఇవి తెలిసిన తరువాతగూడ ఒక ప్రశ్న మిగిలియుండును. తాతతండ్రులు కొలిచిన దేవతలను కొలుచుచు, ఊరి కట్టుబాటులలో పుట్టి పెరిగిన ఒక పల్లెటూరి మనుష్యుడు క్రొత్త విశ్వాసమును ఎవరిని చూచి నమ్మెను? పలనాటిని, దానికి చేరువనున్న గుంటూరు, ఒంగోలు ప్రాంతములను తీసికొని ఈ ప్రశ్నను పరిశీలించుటయే మా ఉద్దేశము. ఏ మతము గొప్పది అను విచారణకు ఇందు తావు లేదు.

మాకు తోచినదానిని ముందుగనే చెప్పెదము. ఈ సీమలో జనులు బోధను వినుటకు ముందు నడవడిని చూచిరి. వారు విశేషముగ చూచినది దూరదేశమునుండి వచ్చిన దొరల ఔదార్యమును కాదు. తమ ప్రక్కయింటివారి, తమ చుట్టములయొక్క దినచర్యను. ఆ దినచర్య అవలంబించినవారికి నష్టము తెచ్చినదని ఎరిగియుండుటచేతనే జనులు దానిని నమ్మిరి. ఈ మాటను నిరూపించుటకు ముందు మన భాషలోని కొన్ని పదములను పరిశీలింపవలసి యున్నది.

1. పదముల సాక్ష్యము

తెలుగున 'నడచు' అను క్రియనుండి నడక, నడత, నడవడి, నడవడిక అను మాటలు పుట్టినవి. కాళ్లతో చేయు పనికిని, శీలమునకును మనవారు ఒకే ధాతువును వాడిరి. నడక దాచుకొనదగినది కాదు. మనుష్యుడు వీధిలో అడుగుపెట్టగనే ఊరివారు దానిని చూచుచునే యుందురు. నడతయు అట్టిదే. ఒకని మనస్సులో ఏమున్నదో ఊరికి తెలియకపోవచ్చును గాని వాని నడత ఊరికి తెలియకపోదు.

'సాక్షి' శబ్దము సంస్కృతమునుండి వచ్చినది. స్వయముగ చూచినవాడు అను అర్థమున పాణిని దానిని సాధించెను. మన పల్లెలలో రచ్చబండకడ సాక్షికి మూడు లక్షణములు ఉండవలెను. అతడు చూచినవాడై యుండవలెను. చెప్పుటవలన తనకు లాభము లేనివాడై యుండవలెను. అతడెట్టివాడో నలుగురకు తెలిసియుండవలెను. క్రైస్తవగ్రంథముల తెనుగుసేతలో 'సాక్ష్యము' అను మాట ప్రధానస్థానమును పొందినది. మూలమైన గ్రీకుభాషలో సాక్షి అను అర్థముగల పదమే కాలక్రమమున విశ్వాసముకొరకు ప్రాణమిచ్చినవానికి పేరైనది. సాక్ష్యమునకును నష్టమునకును గల సంబంధము ఆ మాటలోనే యున్నది.

'మాదిరి' అను పదమునుగూడ గమనింపవలెను. ధాన్యము కొనవచ్చినవానికి వర్తకుడు బస్తాలోనుండి గుప్పెడు గింజలు తీసి చూపును. ఆ గుప్పెడే మాదిరి. దానిని చూచియే బస్తా అంతటికిని బేరము కుదురును. తెనుగు క్రైస్తవులు 'మాదిరిగ నుండవలెను' అని చెప్పుకొనుటలో ఈ అంగడి భావము తెలిసియో తెలియకయో ఇమిడియున్నది. ఒకడు చెడినచో చూచువాడు బస్తా అంతయు చెడినదని తలంచును.

2. పలనాటి నేల

క్రైస్తవము రాకపూర్వమే ఆచరణమే సిద్ధాంతమునకు ప్రమాణమన్న భావము పలనాటికి క్రొత్త కాదు. 12వ శతాబ్దినాటి పలనాటి యుద్ధగాథయందు బ్రహ్మనాయుని పేరు నేటికిని నిలిచియుండుటకు ఆయన చెప్పిన వైష్ణవసిద్ధాంతముకంటె ఆయన నడపిన చాపకూడు ఎక్కువ కారణము. పలుకులములవారు ఒకే చాపపై కూర్చుండి భుజించుట ఆ కాలమున సామాన్యమైన సాహసము కాదు. మాలవాడైన కన్నమదాసును ఆయన కొడుకుగ భావించెనన్న వృత్తాంతము, శ్రీనాథుని పేర వెలసిన పలనాటి వీరచరిత్ర మూలమునను, వీరవిద్యావంతుల గానము మూలమునను జనులకు పరిచితమైనది. మాచెర్ల చెన్నకేశవాలయము ఎదుట నిలిచిన పామరునకుగూడ వైష్ణవవేదాంతము తెలియకపోవచ్చును గాని చాపకూడు తెలియును. కూడు పెట్టు తీరును చూచి మతమును తూచుట ఈ నేలకు పాతవాడుక. ఇట్టి ప్రజలయొద్దకే 19వ శతాబ్దిలో క్రొత్త విశ్వాసము వచ్చినది.

3. గురజాలకు వచ్చిన వైద్యుడు

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయరు గారు 1793లో జర్మనీదేశమున జన్మించి, అమెరికాలో స్థిరపడి, అచ్చటి లూథరను సంఘములు విదేశములకు పంపిన తొలి మిషనరీగ 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరిరి. అప్పటికి గుంటూరుసీమను శూన్యము చేసిన 1832-33ల నందనకరవు ముగిసి పట్టుమని పదియేండ్లు మాత్రమే. కలెక్టరైన హెన్రీ స్టోక్సు గారు వారికి ఆశ్రయమిచ్చిరి. హేయరు గారు మధ్యలో స్వదేశమునకేగి, ఏబదియేండ్ల వయస్సు దాటిన పిమ్మట వైద్యశాస్త్రమభ్యసించి పట్టము పొంది, మరల వచ్చి, 1849లో గురజాలను కేంద్రముగ చేసికొని పలనాట పనిచేసిరి. ఆ ప్రాంతమున పోలేపల్లి మొదలగు గ్రామములలో తొలి సంఘములు ఏర్పడినవి.

వృద్ధాప్యమునకు చేరువైన మనుష్యుడు, వైద్యుడు, ఎండకు పేరుపొందిన పలనాట పల్లెపల్లెకు తిరుగుట జనులను ఆకర్షించెననుట నిస్సంశయము. కాని దీనికి ఒక హద్దున్నదని మా భావన. దొర ఏమి చేసినను అది దొరతనముగ కనబడును. అతడు కోపింపకుండుట గొప్పయే. అయినను, కోపము రాదగిన బాధలు అతనికేమున్నవని పల్లెవాడు అనుకొనవచ్చును. అతడు దానము చేయుట గొప్పయే. అయినను, అతనికి కలదు గనుక ఇచ్చుచున్నాడని అనుకొనవచ్చును. రచ్చబండ సాక్షికి ఉండవలసిన మూడవ లక్షణము, అనగా అతడెట్టివాడో చిన్ననాటినుండి నలుగురకు తెలిసియుండుట, దొరకు సాధ్యము కాదు. అది ఊరివానికే సాధ్యము. ఊరివాడు సాక్షియైన వృత్తాంతము స్పష్టముగ కనబడునది పలనాటికి దక్షిణమున, ఒంగోలు ప్రాంతమున. అచ్చటినుండియే నరసరావుపేట, వినుకొండ ప్రాంతములకు బాప్తిస్టుల పని వ్యాపించినందున ఆ వృత్తాంతము మన విషయమునకు అవశ్యకము.

4. చెప్పులు కుట్టువాని మతము

తాళ్లకొండపాడు వాస్తవ్యుడైన యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోలుపనివాడు. క్రైస్తవుడు కాకపూర్వమే అతడు గురువుల నాశ్రయించి యోగసాధన చేసిన జిజ్ఞాసువు. తోళ్ల వ్యాపారముపై ఉత్తరాదికి పోయినపుడు క్రైస్తవబోధ వినెను. 1866లో జ్యూయెట్ గారివలన భార్యయైన నాగమ్మతోగూడ బాప్తిస్మము పొందెను. ఆ సంవత్సరముననే జాన్ క్లౌ గారు ఒంగోలున కాపురముండ వచ్చిరి. 1867 జనవరి 1వ తేదీన అచ్చట ఏర్పడిన సంఘమున సభ్యులు ఎనమండుగురే.

పేరయ్య మొదలగువారు తమవారి మధ్య వ్యాపింపజేసిన మతమున నిత్యజీవితమునకు సంబంధించిన నియమములు మూడు ముఖ్యమైనవి. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసమును తినరాదు, విగ్రహములను పూజింపరాదు. ఈ మూడును నేటి చదువరికి చిన్నవిగ తోచవచ్చును. ఆనాటి గ్రామవ్యవస్థను ఎరిగినవారికి ఇవి ఎంత పెద్దవో తెలియును.

ఆ వ్యవస్థలో మాదిగవాడు రైతుకు చెప్పులు, పగ్గములు, కపిలబానలు కుట్టియిచ్చెడివాడు. ప్రతిఫలముగ కళ్లమున కొంత ధాన్యము, చచ్చిన పశువు అతనికి చెందెడివి. జాతరలలో డప్పు కొట్టుట అతని విధి. వెట్టికి పిలిచినపుడు పోవుటయు విధియే. ఇప్పుడు మూడు నియమములను ఈ వ్యవస్థపై పెట్టి చూడుడు. చచ్చిన పశువును తినననుట అనగా ఆకలిరోజులలో తేరగ వచ్చు ఆహారమును వదలుకొనుట. ఆదివారము పని చేయననుట అనగా కోతలనాడు కాపుకు కోపము తెప్పించుట. జాతరకు డప్పు కొట్టననుట అనగా ఊరంతటికిని ఎదురు నిలుచుట. ఇందుకు ఫలితముగ కొందరికి కూలి పోయినది. కొందరు దండనములకు గురియైరి. కొందరికి నీళ్లకు పోవు దారి మూసిరి.

ఇచ్చటనే సాక్ష్యము పుట్టినది. వాడు తెలిసినవాడు. నిన్నటివరకు తమతో కూడ కల్లు త్రాగినవాడు, గొడ్డుమాంసమునకై వాదులాడినవాడు. నేడు అవి మానుకొన్నాడు. మానుకొనుటవలన వానికి లాభము లేకపోగా నష్టము కలిగినది. అయినను మరల మొదలు పెట్టలేదు. ఎందువలన? ఈ ప్రశ్నను వాని చుట్టములు అడుగక తప్పలేదు. మాదిగవాడల మధ్య పెండ్లిండ్లకు, చావులకు రాకపోకలు గలవు. వియ్యంకుడు వచ్చినప్పుడు ఇంటిలో వండని కూర, మ్రోగని డప్పు, సాయంకాలము వినవచ్చు ప్రార్థన వానికి కనబడును, వినబడును. ఈ దారిననే విశ్వాసము ఊరినుండి ఊరికి పోయినది. మిషనరీ ఇంకను అడుగిడని పల్లెలనుండి తమకు బోధకుని పంపుమని కోరుచు జనులు వచ్చుటకు కారణమిదియే.

5. ధాతకరవు పరీక్ష

ఇచ్చట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసి యున్నది. పేదవారు గంజికొరకు మతము మారిరని లోకమున ఒక మాట కలదు. ఈ మాటకు ఆధారమే లేదని మేము అనము. మనుష్యులు మతము మారుటకు గౌరవకాంక్ష, విద్యాకాంక్ష, కరణము, మునసబుల దౌర్జన్యమునుండి రక్షణ మొదలగు కారణములు పెక్కు కలవు. వానినన్నిటిని ఒక్క కారణమునకు దించుట న్యాయము కాదు. కాని 1876-78 సంవత్సరముల మహాక్షామము, జనులు ధాతకరవని చెప్పుకొనునది, ఈ విషయమున ఒక పరీక్షవలె వచ్చినది.

ఆ కరవున ప్రభుత్వము బకింగ్‌హాము కాలువను త్రవ్వించుచుండెను. క్లౌ గారు అందు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని వేలకొలది జనులకు కూలి చూపిరి. పేరయ్యవంటి బోధకులను ఆ పనిపై మేస్త్రీలుగ నుంచిరి. వారు కూలివారితోపాటు ఎండలో నుండి, విశ్రాంతివేళల వారి నడుమ కూర్చుండి మాటలాడిరి. బాప్తిస్మము కోరినవారు పెక్కురు వచ్చిరి. క్లౌ గారు ఇయ్యనిరి. కరవు కూలి, ధర్మము అందుచున్నంతకాలము ఎవరినిగాని చేర్చుకొనరాదని నిశ్చయించుకొనిరి. సహాయము నిలిచిపోయినపిమ్మటగూడ జనులు వచ్చిరి. అప్పుడు 1878 జూన్ మాసమున బాప్తిస్మములు మొదలైనవి. జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డునగల వెల్లంపల్లికడ ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ అంకె మిషనుచరిత్రలలో ప్రసిద్ధము. కాని మా దృష్టిలో అంతకంటె గమనింపదగినది దానికి ముందున్న నిరీక్షణకాలము. ఇచ్చునది ఇచ్చుచునే, ఇచ్చినందుకు బదులు పుచ్చుకొననని చెప్పుట ఒక నడవడి. దయకు వెల కట్టినచో అది వర్తకమగును. వర్తకుడు సాక్షి కాజాలడు. తినినవాడు తిన్నందుకు రుణపడలేదని తెలిసిన తరువాతనే వాని సమ్మతికి విలువ యేర్పడును.

ఆపై అయిదేండ్లకు, 1883లో, నరసరావుపేట, వినుకొండలు బాప్తిస్టు మిషను కేంద్రములైనవి. అచ్చట కేంద్రము వెలయుటకు ముందే చుట్టుప్రక్కల పల్లెలలో విశ్వాసులు కలరు. గురజాలదెస లూథరనులు, నరసరావుపేటదెస బాప్తిస్టులు, ఇట్లు నేటి పలనాటి క్రైస్తవమునకు రెండు వేళ్లు.

6. ఆసుపత్రి మంచముకడ

పురుషులకు పొలము, కాలువ ఎట్లో స్త్రీలకు పురిటిగది అట్టిది. డాక్టరు అన్నా సారా కుగ్లరు గారు 1883లో గుంటూరు వచ్చి, 1898లో స్త్రీల ఆసుపత్రిని తెరచిరి. 1930లో మరణించువరకు ఆ పనియందే యుండిరి. పలనాటినుండియు, దూరపు జమీలనుండియు రోగులు ఆ ఆసుపత్రికి బండ్లపై వచ్చెడివారు. అచ్చటి దాదులలో పెక్కురు తెనుగు క్రైస్తవస్త్రీలు. ఊరిలో ఎవరు ముట్టని కులమున పుట్టిన స్త్రీ, తనను ముట్టని కులమువారి గాయమును కడుగుట ఆ వార్డులలో నిత్యకృత్యము. ఈ దృశ్యమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. ఏలూరుకు చెందిన ఒక జమీందారు, తన భార్యకు జరిగిన చికిత్సకు కృతజ్ఞుడై, రోగుల బంధువులు దిగుటకు ఆసుపత్రిచేరువ ఒక సత్రమును కట్టించుటయేగాక క్రీస్తుకథను తెనుగుపద్యములలో వ్రాసెను. నడవడియొక్క ఫలము బాప్తిస్మపు దస్తరములలోనే లెక్కకు వచ్చుననుకొనుట పొరపాటు. కొన్ని యెడల అది సత్రముగను, కొన్ని యెడల పద్యముగను, పెక్కు యెడల మెత్తబడిన మనస్సుగను మాత్రమే నిలుచును.

7. గులాబియు సాక్షియు

20వ శతాబ్దిలో ఈ విషయమే దేశవ్యాప్తమైన చర్చకు వచ్చినది. దోర్నకల్ మండలమునకు 1912లో బిషప్పైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడు. వారి కాలమున, విశేషముగ 1930వ దశాబ్దిలో, మాల మాదిగలేగాక రైతుకులములవారుగూడ తెనుగుదేశమున క్రైస్తవములో చేరిరి. తమ పాలేళ్లలో వచ్చిన మార్పును చూచియే రైతులు వచ్చిరని అజరయ్య గారి వాదము. ఇది మేము పైన చెప్పినదానికి కొనసాగింపు: వాడలో చుట్టమును చుట్టము చూచెను, ఊరిలో పనివానిని కామందు చూచెను.

గాంధీగారు మతప్రచారమును అంగీకరింపలేదు. గులాబిపువ్వు తన పరిమళమును గూర్చి ఉపన్యసింపదనియు, మతమును అట్లే మాట లేక వ్యాపింపవలెననియు వారి భావము. ఈ ఇరువురికిని ఈ విషయమున విరోధము సుప్రసిద్ధము. కాని పలనాటి దృష్టాంతములను ముందుంచుకొని చూచినచో వీరి నడుమనున్న దూరము తలంచినంతటిది కాదని మాకు తోచుచున్నది. నడవడి ముందు, మాట తరువాత అనుటలో ఇరువురును ఒకటే. భేదము ఒక్కచోట కలదు. గులాబిని ఎవరును ప్రశ్నింపరు. మనుష్యుని ప్రశ్నింతురు. 'నీవేల డప్పు కొట్టవు?' అని అడిగిన వియ్యంకునకు పేరయ్యవంటివాడు ఊరకుండిన అది వినయము కాదు, కపటము. అడిగినపుడు చెప్పిన మాటకు నడవడి బలమైనది. అడుగకముందు చెప్పిన మాటకు అంత బలము లేదు.

8. ఎదురు సాక్ష్యము

మాదిరి చెడినచో ఏమగునన్న ప్రశ్నను దాటి పోవుట శాస్త్రీయము కాదు. ఈ సీమలో లూథరను సంఘములు ప్రధానముగ మాలలతోను, బాప్తిస్టు సంఘములు ప్రధానముగ మాదిగలతోను నిండినవి. ఒకే ప్రభువును కొలుచుచున్నామన్నవారు పెండ్లికి, పంక్తికి వేరుగనుండుట పెక్కుచోట్ల కలదు. విశ్వాసము చుట్టరికపు దారిన వచ్చినందున ఆ దారికున్న కంచెలుగూడ వెంట వచ్చినవి. బ్రహ్మనాయుని చాపకూడును ఎరిగిన సీమవారు దీనిని చూడకుందురా?

మహాకవి గుఱ్ఱం జాషువ జీవితము ఇందుకు నిదర్శనము. ఆయన 1895లో వినుకొండలో జన్మించెను. 2022లో నరసరావుపేట కేంద్రముగ ఏర్పడిన పలనాడు జిల్లాలో ఆ ఊరు చేరినది. కులమునుబట్టి సవర్ణులు ఆయనను దూరముంచిరి. హిందూపురాణకథలను కావ్యవస్తువులుగ గ్రహించినందుకు క్రైస్తవులలో కొందరు ఆయనను దూరముంచిరి. అయినను ఆయన 1958లో 'క్రీస్తుచరిత్ర'ను వెలువరించెను. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. తోడివారు చూపిన మాదిరి విఫలమైనచోటగూడ, ఆ మాదిరికి మూలమైనవాని చరిత్రము ఒక కవిహృదయమున నిలిచియుండెనని దీనివలన తెలియుచున్నది. కాని ఇట్టివారు అరుదు. గుప్పెడు పుచ్చినదని చూచి అంగడి విడిచిపోయినవారి లెక్క ఏ దస్తరమునను లేదు.

9. ఉపసంహారము

పైన చూపిన దృష్టాంతములనుండి మూడు నిర్ణయములు చేయవచ్చును. మొదటిది: ఇతరులను విశ్వాసమునకు ఆకర్షించిన నడవడి సమీపముననున్నవారిది. ఉపదేశకునికంటె ఇరుగుపొరుగువాడు బలమైన సాక్షి. రెండవది: ఆ నడవడి నష్టముతో కూడినది. ఆకలినాడు విడిచిన తిండి, కోపగించిన కామందు, ముట్టనివారి గాయమును ముట్టిన చేయి, ఇవి జనుల మనస్సులలో నిలిచినవి. మూడవది: ఆ నడవడి ఫలమును లెక్కించుకొనలేదు. ఫలము కోరి నడచినవానిని పల్లెవారు సులభముగ కనిపెట్టగలరు.

ఈ మూడును క్రైస్తవులకు మాత్రమే చెందిన నియమములు కావు. చాపపై కూర్చుండి పంక్తిభోజనము చేసిన బ్రహ్మనాయుని విషయమునను ఇవియే నిజము. క్రైస్తవులకు ఇందు విశేషముగ ఒక భారము కలదు: తమ గ్రంథము వారిని సాక్షులని పిలిచినది. నేడు పలనాట డప్పు కొట్టుమని బలవంతము చేయువారు, చచ్చిన గొడ్డును పంచువారు నాటివలె లేరు. కాని తూకము చెడని అంగడి, లంచము లేని బల్ల, కక్షలు పెరిగిన ఊరిలో ఎదురుపక్షమువాని చావుకు పోయి కూర్చుండుట, ప్రక్కవాడవానితో వియ్యమందుట, ఇవి నేటికిని నష్టముతో కూడినవే. నాడు చూచినట్లే నేడును ఊరు చూచుచునే యున్నది. పలనాటి క్రైస్తవచరిత్రలో తరువాతి అధ్యాయమును వ్రాయువారు ఆలయముల సంఖ్యతోపాటు దీనినిగూడ విచారింతురని ఆశించుచున్నాము.